అమ్మానాన్నలతో విదేశాలకా? ఐదు నగరాల్లో ఏది ఎవరికి నప్పుతుంది

విదేశం ఎక్కడికెళ్దామని అమ్మని అడిగితే "నీ ఇష్టం, నాకు ఎక్కడైనా ఒకటే" అంటుంది. నాన్ననడిగితే ముందు టికెట్ ధర ఎంతో చెప్పమంటారు. ఎక్కడైనా ఒకటే కాదని ఆ ఊళ్లో దిగిన రెండు మూడు రోజుల్లో ఇద్దరికీ తెలిసిపోతుంది. కానీ ఇద్దరూ బయటికి చెప్పరు. చెప్పేదల్లా ఒకటే మాట: "నువ్వు చూసి రా, నేనిక్కడ కూర్చుంటా."

ఆ మాటని తేలిగ్గా తీసుకోకూడదు. కాళ్లు లాగుతున్నాయని కావచ్చు, బాత్రూమ్ ఎక్కడుందో తెలియని బెంగ కావచ్చు, ఇక గోడలూ బొమ్మలూ చాలు బాబూ అని కావచ్చు. అందుకే పెద్దవాళ్లతో వెళ్లే ఊరిని ఎంచుకునేటప్పుడు చూడదగ్గ ప్రదేశాల జాబితా పక్కనపెట్టి నేను రెండు సంగతులు చూస్తాను. మొదటిది, ఆ కూర్చునే చోటు ఎలా ఉంటుంది? అది కూడా చూడదగ్గ చోటే అయితే ఆ ఊరికి సగం మార్కులు వేసెయ్యొచ్చు. రెండోది, సాయంత్రం నాలుగింటికి ఆకలేస్తే వేడిగా ఏం దొరుకుతుంది? మనకైతే బిస్కెట్ ప్యాకెట్‌తో గడిచిపోతుంది. షుగర్ మాత్ర వేసుకున్న మనిషికి గడవదు.

సింగపూర్, క్యోటో, ఇస్తాంబుల్, వియన్నా, రోమ్. ఈ ఐదింటినీ ఆ రెండు ప్రశ్నల మీదే పోలుస్తున్నాను. తొందరున్నవాళ్ల కోసం నా తీర్పు ముందే చెప్పేస్తా. మోకాళ్లు సహకరించకపోతే సింగపూర్. ఎండ పడకపోతే వియన్నా. నడవగలిగి, కొత్త రుచి అంటే ముఖం చిట్లించని మనిషైతే ఇస్తాంబుల్. శుభ్రం, పద్ధతి, నెమ్మది ఇష్టపడేవాళ్లకి క్యోటో, కాకపోతే తిండి దగ్గర ముందే కసరత్తు చెయ్యాలి. రోమ్ వాళ్లు నోరు తెరిచి అడిగితేనే.

సింగపూర్: పేచీ లేని ఊరు

మొదటిసారి దేశం దాటుతున్న పెద్దవాళ్లకి నేను ఇంకో ఊరు చెప్పను. ఎమ్మార్టీ రైలు స్టేషన్లన్నిటికీ లిఫ్ట్ ఉంది, కొళాయి నీళ్లు తాగొచ్చు, ఇంగ్లిష్‌తో పని జరిగిపోతుంది. ఇవన్నీ చప్పగా వినిపిస్తాయి గానీ, ఏ సాయంత్రమైనా అమ్మ ఒంట్లో బాలేదంటే వీటి విలువ తెలుస్తుంది.

గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటని 2012లో తెరిచారు. అక్కడి రెండు గాజు గోపురాల్లో క్లౌడ్ ఫారెస్ట్ ఎందుకు పెద్దవాళ్లకి నచ్చుతుందంటే, దాన్ని కట్టిన తీరే అలాంటిది. లోపలికి అడుగుపెట్టగానే 35 మీటర్ల జలపాతం నీటి తుంపర ముఖానికి కొడుతుంది. లిఫ్ట్‌లో కొండ పైకి వెళ్లిపోయి, అక్కడినుంచి గాల్లో వేలాడే వాలుదారుల మీద చుట్టూ తిరుగుతూ కిందికి దిగడమే. ఎక్కడం లేదు, అంతా దిగడమే. పైగా చల్లగా ఉంటుంది. పక్కన ఫ్లవర్ డోమ్ కూడా అంతే చల్లన. బయట సూపర్‌ట్రీలనే చెట్టు ఆకారపు ఎత్తైన కట్టడాల దగ్గర రాత్రి 7:45కీ 8:45కీ జరిగే దీపాల ప్రదర్శనకి టికెట్ లేదు, చెట్ల కింద కూర్చుని తలెత్తి చూడటమే. బొటానిక్ గార్డెన్స్ 1859 నాటిది, 2015లో యునెస్కో జాబితాకెక్కింది. ప్రవేశం ఉచితం. లోపలి ఆర్కిడ్ తోటకి మాత్రం టికెట్ ఉంది, 60 దాటినవాళ్లకి అది బాగా తక్కువ.

తిండి సంగతికొస్తే ఇక్కడ హాకర్ సెంటర్లే రాజు. ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న దుకాణాలు, మధ్యలో బల్లలు. ఈ సంస్కృతిని 2020 డిసెంబర్‌లో యునెస్కో గుర్తించింది. పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు దీని గొప్పతనం ఏంటంటే, అందరూ ఒకే వంటకానికి తల వంచక్కర్లేదు. అమ్మని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. ఒక్కరే వెళ్తే బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే చాలు, ఆ సీటు మీదేనని ఊరంతా ఒప్పుకుంటుంది. తర్వాత మీరు దుకాణాల చుట్టూ తిరిగి ఎవరికి కావాల్సింది వాళ్లకి తేవచ్చు: ఆవిడకి అన్నం, కూర, మీకు నూడుల్స్, ఇద్దరికీ చెరకు రసం. తిన్నాక పళ్లేలు మనమే తీసుకెళ్లి నిర్ణీత చోట పెట్టాలి, 2021 నుంచి అది నియమం. మాక్స్‌వెల్, టెక్కా, లావ్ పా సాత్ అందరికీ తెలిసినవి. కొన్ని దుకాణాలు మధ్యాహ్నానికే కట్టేస్తారు కానీ మొత్తం సెంటర్ ఎప్పుడూ ఖాళీ అవ్వదు. నాలుగింటి ఆకలి పరీక్షలో సింగపూర్‌కి నూటికి నూరు.

మాంసం, చేప ముట్టనివాళ్లకి ఒక హెచ్చరిక. లక్సా అనే నూడుల్స్ పులుసులోనూ, సంబల్ అనే కారం ముద్ద వేసి వేయించిన ఆకుకూరలోనూ ఎండు రొయ్యల ముద్ద ఉంటుంది. పైకి పచ్చగా కనిపించిందని తీసుకోకుండా, శాకాహారమని బోర్డు పెట్టిన దుకాణమే వెతుక్కోవడం మేలు. అలాంటివి చాలా సెంటర్లలో ఒకటైనా ఉంటుంది.

లోపం ఒకటే, కానీ అది పెద్దదే. ఉక్కపోత. ఏడాది పొడుగునా అంతే, హాకర్ సెంటర్లలో ఫ్యాన్లే గతి. పదకొండు నుంచి నాలుగు దాకా లోపలుండి, పొద్దునా సాయంత్రం మాత్రమే బయట తిరిగేలా రోజుని కత్తిరించుకోవాలి. చరిత్ర పిచ్చి ఉన్న నాన్నలకి ఈ ఊరు మరీ కొత్తగా, మెరిసిపోతున్నట్టుగా అనిపించి విసుగు పుట్టొచ్చు. 1842లో పూర్తయిన థియాన్ హాక్ కెంగ్ గుడి లాంటివి ఉన్నాయి గానీ రోమ్‌తోనో ఇస్తాంబుల్‌తోనో పోటీకి నిలవవు.

క్యోటో: కళ్లకి పండగ, మోకాళ్లకి పరీక్ష

క్యోటో అనగానే ఫొటోల్లో కనిపించేవి రెండు: కియోమిజుదెరా ఆలయపు చెక్క వేదిక, ఫుషిమి ఇనారి ఎర్ర తోరణాలు. రెండూ కొండ వాలులోనే ఉన్నాయి. కియోమిజుకి వెళ్లే దారి దుకాణాల మధ్య ఎత్తుకి సాగే ఇరుకు సందు, పగలంతా జనం. ఫుషిమి ఇనారిలో పై దాకా వెళ్లడం పెద్దవాళ్లకి అనవసరం. దగ్గర దగ్గరగా నిలబెట్టిన తోరణాల వరసలు కింది భాగంలోనే ఉన్నాయి, అక్కడిదాకా చాలు. అది రోజంతా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు, కాబట్టి పొద్దున్నే వెళ్తే మనదే రాజ్యం.

వీటికంటే ముందు నేను పెద్దవాళ్లని సంజుసాంగెన్‌దోకి తీసుకెళ్లమంటాను. మెట్ల గొడవ లేదు. 120 మీటర్ల పొడవైన ఒకే ఒక చెక్క మందిరం, 1266లో తిరిగి కట్టింది. లోపల మసక వెలుతురులో బౌద్ధుల కరుణామూర్తి కన్నోన్ విగ్రహాలు 1001, వరసలు వరసలుగా, ఒక్కో ముఖం ఒక్కోలా. ఆ ముఖాల్లో మనం చూడాలనుకునే మనిషి ముఖం ఒకటి తప్పక దొరుకుతుందని అక్కడివాళ్లంటారు. ఈ మాట చెవిన వేసి వదిలెయ్యండి. తొందరపెట్టే పని మీకుండదు, బయటికి రమ్మని బతిమాలే పని ఉంటుంది.

ఇక్కడ చెప్పులు విప్పడం పెద్ద వ్యవహారం. చాలా ఆలయాల్లో, కొన్ని రెస్టారెంట్లలో కూడా గడప దగ్గర విప్పాలి, మళ్లీ తొడుక్కోవాలి, మళ్లీ విప్పాలి. లేసులు కట్టే బూట్లతో వంగలేని నడుముకి ఇది శిక్ష. కాలు దూర్చితే సరిపోయే బూట్లూ, మందపాటి మేజోళ్లూ, సంచిలో ఒక పొడవాటి షూహార్న్. ఇంత చిన్న సామాను రోజుని కాపాడుతుంది. ర్యోకాన్ అనే సంప్రదాయ బసలో నేల మీద పరుపు వేస్తారు. పడుకోవడం బాగానే ఉంటుంది, లేవడమే కష్టం. మంచం ఉన్న గది కావాలని బుక్ చేసేటప్పుడే రాయాలి. ర్యోయాంజి ఆలయపు రాతి తోట ముందు కూర్చునే చెక్క అరుగు కూడా నేలకి దగ్గరగానే ఉంటుంది, వెనక ఆనుకోడానికి ఏమీ ఉండదు. అక్కడ ఎక్కణ్నుంచి చూసినా 15 రాళ్లలో ఒకటి కనపడదంటారు. నాన్న లెక్కపెడుతూ కూర్చుంటారు, లేచేటప్పుడు చెయ్యందిస్తే సరి.

వీధుల్లో బెంచీలు తక్కువ, అది క్యోటోకి మైనస్. మరుగుదొడ్ల విషయంలో మాత్రం ఐదు ఊళ్లలో దీనికే మొదటి బహుమతి, శుభ్రంలోనూ వెచ్చటి సీటులోనూ. సిటీ బస్సులు కిక్కిరిసి ఉంటాయి, నిలబడే ప్రయాణం. ఒక రోజు బస్సు పాస్ అమ్మకం 2023లో ఆపేశారు, బస్సూ సబ్‌వే కలిపిన పాస్ ఉంది. పెద్దవాళ్లతో ఉన్నప్పుడు సబ్‌వే స్టేషన్ దాకా రైల్లో వెళ్లి, మిగతాది టాక్సీలో వెళ్లడం నా పద్ధతి. పెట్టెలు మోయాల్సిన పని లేదు: ఒక హోటల్ నుంచి ఇంకో ఊరి హోటల్‌కి సామాను పంపే తక్యుబిన్ సేవ దేశమంతా ఉంది.

ఇక తిండి. చేప ముట్టనివాళ్లకి జపాన్ అంత చిక్కు దేశం ఈ ఐదింటిలో లేదు. ఎండబెట్టిన బొనిటో చేప చెక్కుల నుంచి తీసే దాషి అనే రసం దాదాపు ప్రతి వంటకి పునాది. మిసో సూప్‌లో ఉంటుంది, కూరగాయల ఉడికింపులో ఉంటుంది, నూడుల్స్ పులుసులో ఉంటుంది, పిండిలో ముంచి వేయించే తెంపురాకి నంజుకునే పులుసులోనూ ఉంటుంది. పళ్లెంలో ముక్క కనపడదు కాబట్టి వడ్డించేవాళ్లు కూడా "ఇందులో చేప లేదు" అనే అంటారు. దారి ఒకటుంది. బౌద్ధ సన్యాసుల షోజిన్ ర్యోరి భోజనంలో మాంసం, చేప రెండూ ఉండవు, దాషి కూడా సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో చేస్తారు. అరాషియామాలో తెన్‌ర్యూజి ఆలయంలోనే షిగెత్సు అనే భోజనశాల ఉంది. నాన్‌జెన్‌జి ఆలయం చుట్టుపక్కల వేడి టోఫు వడ్డించే ఇళ్లు పేరుమోసినవి. ఎక్కడైనా సరే, చాప మీద కూర్చోవాలా, కుర్చీ ఉందా అని ముందే అడగండి. బల్ల కింద గొయ్యి తవ్వి కాళ్లు వేలాడేసుకునే ఏర్పాటు ఉంటే అదీ పనికొస్తుంది.

చేప తినేవాళ్లకి మాత్రం ఇది స్వర్గం. అయినా చిన్న రెస్టారెంట్లు మధ్యాహ్నం రెండు దాటితే పొయ్యి ఆర్పేసి, మళ్లీ సాయంత్రం ఐదు, ఐదున్నరకి గానీ తెరవవు. సాయంత్రం త్వరగా తినే అలవాటున్నవాళ్లకి ఆ ఐదున్నర వరమే. మధ్యలో ఆకలేస్తే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల పై అంతస్తులకి వెళ్లండి. అక్కడ కుర్చీలుంటాయి, కిటికీలో ప్లాస్టిక్‌తో చేసిన వంటకాల నమూనాలుంటాయి, వేలు పెట్టి చూపిస్తే చాలు. చాలావరకు మధ్యాహ్నం మూయరు. అదే భవనం కింది అంతస్తులో వండిన తినుబండారాల అంగడి ఉంటుంది. మూసే వేళకి ధర తగ్గించిన స్టిక్కర్లు అంటిస్తారు. ఆ స్టిక్కర్ల వేటలో అమ్మలకి ఉండే ఉత్సాహం బంగారు మందిరం దగ్గర కూడా ఉండదు, రాసిపెట్టుకోండి.

ఇస్తాంబుల్: పడవ మీద ఒక టీ

ఇస్తాంబుల్‌ని ఎత్తుపల్లాల ఊరని భయపెడతారు. నిజమే, గలాటా వైపు వీధులు నిట్టనిలువు. కానీ ఆ వాలుకి మందు 1875లోనే కనిపెట్టారు: కరాకోయ్ నుంచి పైకి లాక్కెళ్లే త్యునెల్ అనే భూగర్భ రైలు, లండన్ తర్వాత ప్రపంచంలో అంత పాతది అదే. సుల్తానహ్మెత్ వైపు ప్రధాన స్థలాలన్నీ దాదాపు ఒకే మైదానం చుట్టూ ఉన్నాయి, టీ1 ట్రామ్ అక్కడే దింపుతుంది.

ఈ ఊరిని నేను నెత్తిన పెట్టుకోడానికి కారణం మసీదులు కాదు, ఫెర్రీలు. ఎమినోను నుంచి కాదికోయ్‌కి ఇరవై నిమిషాల ప్రయాణం, సిటీ బస్సుల్లో వాడే ఇస్తాంబుల్‌కార్ట్‌తోనే. ఐరోపాలో ఎక్కి ఆసియాలో దిగుతారు. అమ్మకి కిటికీ పక్కన బల్ల చూసి కూర్చోబెట్టండి. పడవ కదిలాక పళ్లెం పట్టుకుని ఒకతను వస్తాడు, నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసులో ఎర్రటి టీ, పక్కన రెండు చక్కెర బిళ్లలు. పాలు ఉండవు. మొదటి గుక్కకి ముఖం పెడతారు, మూడో గుక్కకి గ్లాసు వెలుతురుకి పెట్టి రంగు చూస్తారు. బయట కడ్డీ దగ్గర ఎవరో నువ్వుల రొట్టె ముక్కలు విసురుతుంటే సముద్రపు కాకులు పడవతో పాటే ఎగురుతుంటాయి. ఎదురుగా తోప్‌కాపి రాజప్రాసాదం, అయా సోఫియా గోపురాలు వెనక్కి జరుగుతుంటాయి. కూర్చోవడమే చూడటం అయిన చోటు ఇంతకంటే ఇంకోటి నాకు తెలియదు. కాళ్లు నొప్పులన్న రోజు అవతలి ఒడ్డుకి వెళ్లి రావడమే కార్యక్రమం.

అయా సోఫియా విషయంలో కాస్త ఆలోచించాలి. 537లో కట్టింది, 2020లో మళ్లీ మసీదయ్యింది. 2024 జనవరి నుంచి విదేశీ సందర్శకులని పై గ్యాలరీకే పంపుతున్నారు, 25 యూరోల టికెట్ పెట్టారు. పైకి వెళ్లేది అరిగిన రాళ్లు పరిచిన వాలు. మోకాళ్లు బాలేకపోతే ఎదురుగా ఉన్న నీలి మసీదు చాలు: ఉచితం, నేల మట్టం, మెత్తటి తివాచీ. నమాజు వేళల్లో, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం సందర్శకుల్ని రానివ్వరు. ఆడవాళ్లకి తల మీద గుడ్డ కావాలి, సంచిలో పల్చటి స్కార్ఫ్ ఉంచండి. బసిలికా సిస్టర్న్ అనే పాతకాలపు భూగర్భ జలాశయంలో నీళ్ల మధ్య 336 స్తంభాలు అద్భుతమే గానీ 52 మెట్లు దిగాలి, రాళ్లు తడిగా ఉంటాయి. తోప్‌కాపి రాజప్రాసాదానికి మంగళవారం సెలవు.

తిండికి మాటలు రాకపోయినా ఇక్కడ ఇబ్బంది లేదు. లోకాంతా అనే సాదా భోజనశాలల్లో వండినవన్నీ అద్దం వెనక పళ్లేల్లో పెట్టి ఉంటాయి. అమ్మనే ముందు నిలబెట్టండి. వంకాయ అది, చిక్కుళ్లు ఇవి, ఆ పక్కది పప్పు సూప్ అని ఆవిడే గుర్తుపడుతుంది, వేలితో చూపిస్తుంది, వంటవాడు తల ఊపి వడ్డిస్తాడు. ఇద్దరికీ ఒక్క మాట కూడా కలవకుండానే స్నేహం కుదురుతుంది. వేడి వేడిగా కావాలంటే మధ్యాహ్నమే వెళ్లాలి, సాయంత్రానికి గిన్నెలు అడుగంటుతాయి. శాకాహారులకి జెయ్‌తిన్‌యాలి వంటలు, అంటే ఆలివ్ నూనెలో వండి చల్లారబెట్టిన కూరగాయలు, క్షేమం. మిగతా కూరల్లో కీమా కలపడం మామూలే. పులావులో, పప్పు సూప్‌లో కూడా మాంసం ఉడికించిన నీళ్లు పడొచ్చు, కాబట్టి ప్రశ్నని టర్కిష్‌లో ఫోన్‌లో రాసి చూపించండి.

పొద్దుటి ఫలహారం ఇక్కడ ఒక పూట భోజనంతో సమానం. జున్ను రకాలు, ఆలివ్‌లు, టమాటా, కీరా, తేనె మీద మీగడ, గుడ్డు, ఆగకుండా టీ. పదింటికి అది తింటే మధ్యాహ్నం మూడు దాకా ఆకలి మాట ఉండదు. ధరలు తరచూ మారుతుంటాయి, పాత అంచనాలు నమ్ముకోవద్దు. ఇంకోటి, కొత్త విమానాశ్రయం చాలా పెద్దది. వీల్‌చెయిర్ సాయం ముందే కోరడానికి మొహమాటపడకండి.

వియన్నా: కూర్చోడానికే కట్టిన ఊరు

ఐదింటిలో నాన్నలకి ఎక్కువ నచ్చేది ఇదేనని నా అనుమానం. కాఫీ హౌస్‌లోకి వెళ్లి ఒక్క కాఫీ చెప్తే చాలు, చిన్న పళ్లెంలో కాఫీతో పాటు గ్లాసుడు మంచినీళ్లు వస్తాయి. ఎంతసేపైనా కూర్చోవచ్చు. బిల్లు మనం అడిగితే తప్ప తేరు, కదలమని ఎవరూ చూపుతో కూడా అనరు. 2019 నవంబర్ నుంచి లోపల పొగ తాగడం నిషేధం. ఆ నీళ్లు కూడా మామూలు నీళ్లు కావు, 1873 నుంచి ఆల్ప్స్ కొండల ఊటల నుంచి గొట్టాల్లో వస్తున్నవి.

మ్యూజియంలు కూడా అదే మర్యాద పాటిస్తాయి. కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం 1891లో తెరిచింది, చిత్రాల గదుల మధ్యలో మెత్తటి సోఫాలుంటాయి. చిత్రకారుడు బ్రూగెల్ చిత్రాలు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే ఉన్నాయి. 1565 నాటి మంచులో వేటగాళ్ల చిత్రం ముందు సోఫాలో కూర్చుని, అడుగున మంచుగడ్డ మీద ఆడుకునే చిన్న చిన్న మనుషుల్ని ఒక్కొక్కళ్లనే వెతకడం పెద్దవాళ్లకి కాలక్షేపం. పెద్ద గోపురం కిందే కాఫీ బల్లలు. షోన్‌బ్రున్ రాజప్రాసాదపు తోటలకి టికెట్ అక్కర్లేదు. గ్లోరియెట్ అనే మండపానికి మాత్రం కొండెక్కాలి, నాన్నకి ఇష్టమైతేనే. ఊరి నడిబొడ్డుని చుట్టే రింగ్‌స్ట్రాసె వీధి పొడుగునా ఉన్న భవనాల్ని 1, 2 నంబర్ల ట్రాముల్లో కిటికీ పక్కన కూర్చుని చూసెయ్యొచ్చు, మధ్యలో ఒకసారి మారాలి.

తిండి వేళల్లోనూ వియన్నా దయగలది. గస్ట్‌హౌస్ అనే సాదా భోజనశాలలు చాలా, కాఫీ హౌస్‌లు రోజంతా వేడి వంట పెడతాయి. మాంసం తినకపోయినా గుడ్డు తినేవాళ్లకి జున్ను కలిపిన పిండి ముక్కల కెజ్‌ష్పెట్స్‌లె, తియ్యటి పాన్‌కేక్ ముక్కల కైజర్‌ష్మార్న్ దొరుకుతాయి. సూప్‌తో జాగ్రత్త: పాన్‌కేక్ చీలికలు తేలుతూ అమాయకంగా కనిపించే సూప్ గొడ్డు మాంసపు రసం. నాలుగు రోజులు దాటితే ఈ తిండి మీద మొహం మొత్తుతుందని ఒప్పుకోవాలి, పిండీ జున్నూ వెన్నే ఎటు చూసినా. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారమే పండ్లూ పెరుగూ తెచ్చుకోండి. ఎప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబర్‌లో, ఒపేరా భవనం పక్క తెర మీద లోపలి ప్రదర్శనని ఉచితంగా చూపిస్తారు, కుర్చీలు వేసి మరీ. చలికాలం మాత్రం వద్దు, చీకటి నాలుగింటికే.

రోమ్: వాళ్ల కల అయితేనే

రోమ్ గొప్పతనం మీద నాకేం తగువు లేదు. తగువంతా నేల మీదే. ఊరి మధ్యంతా నల్లటి చిన్న రాళ్లు ఎగుడుదిగుడుగా పరిచి ఉంటాయి, చక్రాల కుర్చీకీ చేతికర్రకీ రెంటికీ పగ. మెట్రో స్టేషన్లన్నిటిలో లిఫ్ట్ దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఎండ వేళ అలసి స్పానిష్ మెట్ల మీద కూలబడదామంటే 2019 నుంచి అక్కడ కూర్చోవడం నిషేధం, జరిమానా వేస్తారు. బార్‌లో కాఫీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. కూర్చోవడానికే డబ్బు కట్టే ఊరని నాన్నకి ముందే చెప్పండి, అక్కడ వాదన పెట్టుకోకుండా. రెస్టారెంట్లు మధ్యాహ్నం మూడింటికి మూసి రాత్రి ఏడున్నరకి తెరుస్తాయి. ఆ మధ్యలో ముక్కలుగా కోసి అమ్మే పిజ్జా దుకాణాలే దిక్కు. పెకొరినో జున్నులో జంతువుల కడుపు నుంచి తీసే రెన్నెట్ ఉంటుంది కాబట్టి కట్టుదిట్టంగా ఉండే శాకాహారులకి ప్రసిద్ధమైన రోమన్ పాస్తాలే పనికిరావు.

అయినా వెళ్లాల్సిందే అంటే వాటికన్‌తో మొదలుపెట్టకండి. ఆ మ్యూజియం గ్యాలరీలు మొత్తం కలిపితే 7 కిలోమీటర్లంటారు, జనం ప్రవాహంలా ఒకే దిక్కుకి తోస్తారు. తప్పదంటే వాళ్లు ఉచితంగా ఇచ్చే వీల్‌చెయిర్ అడగండి, నడవగలిగిన మనిషికైనా సరే. సెయింట్ పీటర్స్ చర్చి గోపురానికి 551 మెట్లు, లిఫ్ట్ ఎక్కినా ఇంకా 320 మిగులుతాయి, కాబట్టి కింద నుంచే దండం. దానికంటే గాలెరియా బోర్గేజే అనే చిత్ర, శిల్పాల మ్యూజియం మేలు: ముందే సమయం బుక్ చేసుకోవాలి, రెండు గంటలకి మించి ఉండనివ్వరు, అందువల్ల తోపులాట లేదు. శిల్పి బెర్నిని చెక్కిన, చెట్టుగా మారిపోతున్న వనకన్య డాఫ్నె వేళ్లు ఆకులై మొలుస్తుంటే ఆ రాయి చుట్టూ తిరిగి చూడొచ్చు. బయట పెద్ద తోట, బెంచీలు.

చర్చిలు రోమ్ ఇచ్చే ఉచిత కుర్చీలు. శాన్ లూయిజీ దెయ్ ఫ్రాంచేజిలో కారవాజియో గీసిన మూడు చిత్రాలు చీకటి మూలన ఉంటాయి. పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, కాసేపటికి టక్కున ఆరిపోతుంది. నాణేలు అమ్మ చేతికిచ్చెయ్యండి. ఎవరో ఒకరు వేస్తారులే అని పదిమంది చీకట్లో నిలబడి ఎదురుచూస్తుంటారు, ఆవిడ వేసేసరికి అందరూ ఆవిడకే తల వంచుతారు. చర్చిలు చాలావరకు మధ్యాహ్నం మూస్తారు. దాహానికి వీధుల్లో 2500 దాకా ఉచిత కుళాయిలున్నాయి, సీసా పట్టుకుంటే సరిపోతుంది. ఆగస్టులో మాత్రం వెళ్లొద్దు: ఎండ ఒకటి, 15వ తేదీ సెలవుల చుట్టూ మూసిన తలుపులు ఒకటి.

ఊరు తేలాక మిగిలేవి

బృందంతో వెళ్లడమా, మనంతట మనమా అన్నది చాలామందిని తొలిచే ప్రశ్న. సింగపూర్‌కి, వియన్నాకి బృందం దండగ. రోమ్‌లో మాత్రం బస్సు, టికెట్ల వరస తప్పించే గైడు పనికొస్తారు. క్యోటోలో, ఇస్తాంబుల్‌లో నా ఓటు మధ్యేమార్గానికి: మిగతాదంతా మనమే, ఒక్క పూట కారూ గైడూ మాట్లాడుకోవడం. బృందంలో పెద్దవాళ్లు అందరికంటే వెనకబడితే ఆ సిగ్గుకి రోజంతా ముభావంగా ఉంటారు. అది ఏ ఖర్చుతోనూ పూడదు.

హోటల్ ఊరి మధ్యలోనే తీసుకోండి. మధ్యాహ్నం గంటన్నర నడుం వాల్చే వీలున్న గది, దూరంలో ఉన్న విశాలమైన గది కంటే రెండింతలు విలువైనది. రోమ్‌లో, వియన్నాలో పాత భవనాల్లో లిఫ్ట్ ఉందని రాసినా దానిదాకా వెళ్లడానికే మెట్లుండొచ్చు. వియన్నాలో మొదటి అంతస్తు అన్నది లెక్కకి ఒక్కోసారి మూడోది అవుతుంది, ఎందుకంటే కింద ఇంకో రెండు అర అంతస్తులకి వేరే పేర్లుంటాయి. ఎన్ని మెట్లున్నాయని నేరుగా రాసి అడగండి.

మందుల విషయంలో రెండు దేశాలు కఠినం. జపాన్‌లోకి డాక్టర్ రాసిన మాత్రలు నెల రోజులకి సరిపడా అయితే సాధారణంగా అడ్డు చెప్పరు, మించితే ముందే యున్యు కకునిన్‌షో అనే పత్రం తీసుకోవాలి. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మోతాదు మీద కూడా పరిమితి ఉంది. సింగపూర్‌లో నిద్రమాత్రల్లాంటి నియంత్రిత మందులకి ముందస్తు అనుమతి కావాలి. చీటీ అసలు ప్రతి, మాత్రలు అసలు పెట్టెలోనే, రెండూ చేతి సంచిలో.

చివరికి డబ్బు. పెద్దవాళ్లు మెనూని కుడి వైపు నుంచి చదువుతారు. ధర కనపడగానే "నాకు ఆకలిగా లేదు" అనేస్తారు. దీనికి తగ్గ ఊరు సింగపూరే, హాకర్ దుకాణంలో ఐదారు డాలర్ల పళ్లెం ముందు ఎవరూ మొహమాటపడరు. ఇస్తాంబుల్ లోకాంతాలో వాళ్లు చూసేది వంటని, ధరని కాదు. వియన్నాలో ఒక కేకు తీసుకుని ఇద్దరూ పంచుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. రోమ్ బిల్లులో రొట్టెకి వేసిన రుసుము చూసి నాన్న లెక్క తిరగేస్తారు, కాబట్టి బిల్లు మీ చేతికే రానివ్వండి. క్యోటోలో ఒక్క పూటైనా కైసెకి అనే, వరసగా చాలా వంటకాలు వడ్డించే విందు పెట్టించాలనుకుంటే మధ్యాహ్నం బుక్ చెయ్యండి. రాత్రికంటే చాలా తక్కువలో అవుతుంది. బుక్ చేసేటప్పుడే చేప విషయమూ, కుర్చీ విషయమూ రాసేస్తే, అక్కడికెళ్లాక మెనూ తెరవాల్సిన పనే ఉండదు.